పాత జీపు కొనేముందు తుప్పును అంచనా వేయడం: చెన్నైలో కొనేవారికి సమగ్ర మార్గదర్శి

చెన్నైలో తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పు జాడీ మూత కాస్త వదులుగా పెడితే తెల్లవారేసరికి ఉప్పు చెమర్చి ముద్దకడుతుంది. బండి కింద జరిగేదీ ఇదే. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర ఛాసిస్ (బండి బరువంతా మోసే ఇనుప చట్రం) మీద, తలుపుల అడుగున, బోల్టుల సందుల్లో కంటికి కనిపించని పొరగా పేరుకుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే ఆ ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకొని కరుగుతుంది, అంటే చుక్క వాన పడకపోయినా ఇనుము తడిసినట్లే లెక్క. ఈ నగరంలో వేకువజామున తేమ ఆ స్థాయిని దాటడం ఏడాదిలో చాలా రోజులు మామూలు సంగతి. అందుకే ఒకే ఏడాది తయారైన రెండు బండ్లలో ఒకటి తిరువాన్మియూరులోనో నీలాంకరైలోనో ఎన్నూరులోనో ఆరుబయట నిలిచి, మరొకటి అంబత్తూరులో కప్పు కింద నిలిచి ఉంటే, మీటరు చూపే కిలోమీటర్లు సమానంగా ఉన్నా ఇనుము వయసు మాత్రం సమానం కాదు.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పాత జిప్సీ, బొలేరో, థార్, పాత సఫారీ కోసం చెన్నై వచ్చే మనవాళ్లు చాలామంది ఇంజిన్ శబ్దం విని, టైర్లు చూసి, బేరం కుదుర్చుకుంటారు. ఇంజిన్, గేర్‌బాక్స్, టైర్లు ఏవైనా విడిభాగాల దుకాణాలుండే పుదుపేటలోనో జీపీ రోడ్డులోనో వెతికి మార్చుకోదగినవే. ఛాసిస్ సంగతి అలా కాదు. తుప్పు మొత్తం ఎంత ఉందన్న ప్రశ్న కంటే, బరువు మోసే చోట ఉందా, అక్కడ ఇంకా ఎంత మందం ఇనుము మిగిలింది అన్న ప్రశ్నే కొనేవారికి ముఖ్యం. ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్నకు జవాబు రాబట్టే పద్ధతే.

బయలుదేరే ముందు

అమ్మేవారితో ఫోనులో మాట్లాడినప్పుడే మూడు సంగతులు అడగాలి. బండి ఇన్నేళ్లూ ఏ ప్రాంతంలో, ఎండవానల్లోనా కప్పు కిందా నిలిచింది? సముద్రపు ఇసుకలోకి గాని పులికాట్ వంటి ఉప్పునీటి కయ్యల్లోకి గాని ఎప్పుడైనా దిగిందా? ఛాసిస్‌కు ఈ మధ్య కోటింగ్ వేయించారా? చూడటానికి వచ్చేలోపు అడుగు భాగాన్ని కడిగించవద్దని మర్యాదగా కోరాలి, ఎందుకంటే బురద ఎక్కడ ఎలా పట్టి ఉందో అదే సగం కథ చెబుతుంది. పగటి వెలుగులో, బండి ఆరి ఉన్నప్పుడు మాత్రమే చూడాలి; తడిసిన పెయింటు బొబ్బలను దాచేస్తుంది.

వెంట తీసుకువెళ్లవలసినవి ఎక్కువేమీ లేవు: మంచి టార్చి, మొద్దుబారిన పాత స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, పలచని గుడ్డ చుట్టిన అయస్కాంతం, చేతి అద్దం, పడుకోవడానికి ఒక పాత చాప. ఫోనుకు తగిలించుకొనే సన్నని గొట్టపు కెమెరా ఉంటే మరీ మంచిది. ఇప్పుడు అది చవకగానే దొరుకుతోంది. పరీక్షను దగ్గరలోని సర్వీస్ స్టేషన్‌లో ర్యాంపు మీదో పిట్ లోనో చేయాలి. ఒక్క జాకీ మీద లేపిన బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు. తుప్పు తిన్న ఛాసిస్ జాకీ ఆన్చిన చోటే లోపలికి కుంగిపోవచ్చు.

తుప్పులో మూడు దశలు

మొదటి దశలో తుప్పు పైపైనే ఉంటుంది. వేలితో రుద్దితే నారింజ రంగు పొడి అంటుతుంది, ఎమరీ కాగితంతో నాలుగుసార్లు గీకితే కింద నున్నని ఇనుము మెరుస్తుంది. చెన్నై బండి కింద ఈ మాత్రం లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. రెండో దశ పెచ్చుల తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది, అందువల్ల పొరలు పొరలుగా ఉబ్బి లేస్తుంది; సుత్తితో తట్టి రాలిస్తే కింద గుంటలు గుంటలుగా ఉన్న లోహం కనిపిస్తుంది. మూడో దశలో చిల్లు పడుతుంది.

ఈ దశలను రేకు మందంతో కలిపి చూడాలి. తలుపు రేకు మందం సుమారు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, ఛాసిస్ ఇనుము చాలా బండ్లలో 2 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అర మిల్లీమీటరు లోతు తుప్పు తలుపును దాదాపు తినేసినట్లే, ఛాసిస్‌ను మాత్రం బలహీనపరిచినట్లు. కాని తలుపుకు చిల్లు పడితే వాన నీళ్లు లోపలికి వస్తాయి, అంతే. ఛాసిస్ బలహీనపడితే కొండదారిలో బండి మీ ఆధీనంలో ఉండకపోవచ్చు. చూడటానికి భయంకరంగా ఉన్న తలుపు తుప్పును చూసి బెదిరి, కనిపించని ఛాసిస్ తుప్పును వదిలేయడం కొనేవారు ఎక్కువగా చేసే పొరపాటు.

ఛాసిస్: అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే

జిప్సీ, జిమ్నీ, థార్, బొలేరో, స్కార్పియో, ఫార్చ్యూనర్, 2019 వరకు వచ్చిన సఫారీ, వీటన్నిటికీ నిచ్చెన వంటి ప్రత్యేక ఛాసిస్ ఉంటుంది: రెండు పొడవాటి లాంగ్ మెంబర్లు, వాటిని కలిపే క్రాస్ మెంబర్లు. డస్టర్ వంటివాటిలో బాడీయే ఛాసిస్, అక్కడ ఫుట్‌బోర్డు కింది పెట్టె భాగం, సస్పెన్షన్ బిగించే చోట్లు అదే పని చేస్తాయి కాబట్టి అక్కడి తుప్పును ఇంకా కఠినంగా చూడాలి.

లాంగ్ మెంబరు చాలావరకు మూసిన పెట్టెలా ఉంటుంది. బురదలో తిరిగిన బండికి రంధ్రాల గుండా మట్టి ఆ పెట్టెలోకి చేరుతుంది, నీరు కారిపోవడానికి అడుగున పెట్టిన రంధ్రాలు ఆ మట్టితోనే మూసుకుపోతాయి, అప్పుడు లోపలి ఇనుముకు రాత్రింబవళ్లు తడి పట్టు వేసినట్లవుతుంది. అంటే తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. బయట రంగు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే లోపల సగం మందం పోయి ఉండవచ్చు. కంటిచూపు ఇక్కడ చాలదు, చెవి కావాలి.

కొన్నేళ్ల కిందట మా బావ కోసం తిరువాన్మియూరులో ఒక జిప్సీ చూడటానికి వెళ్లినప్పుడు ఈ పాఠం నేర్చుకున్నాను. ఆకుపచ్చ రంగు, కొత్త సీట్లు, ఒక్క తిప్పుకే అందుకున్న ఇంజిన్; బావ అప్పటికే మనసు ఇచ్చేశాడు. మాతో వచ్చిన మెకానిక్కు సూళ్లూరుపేట వైపు పెద్దాయన, పుదుపేటలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నవాడు. ఆయన చాప పరుచుకొని బండి కిందికి దూరి, స్క్రూడ్రైవరు పిడితో ముందు నుంచి వెనక్కి జానెడుకొక దెబ్బ చొప్పున తట్టుకుంటూ వచ్చాడు. ఠంగ్, ఠంగ్ మని గంటలా మోగుతూ వచ్చిన శబ్దం వెనక ఇరుసు పైకి ఛాసిస్ వంగి లేచే చోట ఉన్నట్టుండి అట్టపెట్టెను కొట్టినట్లు ‘దబ్’ మన్నది. పిడిని తిప్పి మొనను ఆనించి అరచేతితో నొక్కాడు. మొన రెండు అంగుళాలు లోపలికి దిగింది, అప్పడాల ముక్కల వంటి గోధుమరంగు పెచ్చులు, వాటి వెంట చెమ్మగా ఉన్న ఇసుక ఆయన గుండెల మీద రాలాయి. “బాబూ, ఇంజినైతే దించి మళ్లీ ఎక్కించగలను, దీన్ని ఏం చేయమంటారు?” అన్నాడు. అమ్మజూపిన ఆయనా మన తెలుగువాడే, నిజంగా ఆ సంగతి తెలియనివాడే. మాతోపాటు కిందికి వంగి చూసి ముఖం వెలవెలబోయింది. మేము వచ్చేశాం.

ఆ పద్ధతినే మీరూ పాటించండి. అమ్మేవారి అనుమతి ముందే తీసుకోవాలి, మొనతో గుచ్చడం అనుమానం వచ్చిన చోట మాత్రమే చేయాలి. రెండు వైపులా, పక్క నుంచీ అడుగు నుంచీ తట్టాలి. ముఖ్యంగా వెనక ఇరుసు మీది వంపు, కమాను పట్టీలను (లీఫ్ స్ప్రింగులను) బిగించే హ్యాంగర్ బ్రాకెట్లు, ఆ పట్టీల చివర కదిలే లంకె అయిన షాకిల్ పట్టుకొనే చోటు, స్టీరింగ్ బాక్సును బిగించిన లాంగ్ మెంబరు భాగం, పెట్రోలు లేదా డీజిలు ట్యాంకుకూ ఛాసిస్‌కూ మధ్య సందు, గేర్‌బాక్సును మోసే క్రాస్ మెంబరు, చివరి క్రాస్ మెంబరు: ఇవి వదలకుండా చూడవలసినవి. ట్యాంకు వెనక భాగం కనిపించదు కాబట్టి అద్దం గాని కెమెరా గాని అక్కడే ఉపయోగపడుతుంది. కెమెరాను ఏదైనా రంధ్రం గుండా పెట్టె లోపలికి పంపి చూడండి. లోపల పలచని గోధుమ రంగు ఉంటే పరవాలేదు, అడుగున పెచ్చుల కుప్ప ఉంటే అవన్నీ ఒకప్పుడు ఛాసిస్‌లో ఉన్న ఇనుమే అని గుర్తించాలి.

బాడీని ఛాసిస్ మీద నిలిపే మౌంటు రబ్బర్ల చుట్టూ ఇనుము పువ్వులా విచ్చుకుందేమో చూడండి. రెండు రేకులు కలిసే అతుకుల మధ్య తుప్పు ఉబ్బితే వెల్డింగు చుక్కల మధ్య రేకు అలలా లేస్తుంది. ఆ ఉబ్బును గీకి రంగు వేసినా ప్రయోజనం లేదు, మూలం అతుకు లోపల ఉంటుంది. మరొక సూక్ష్మం: శుభ్రమైన రంగు మీద వెంట్రుక వంటి గోధుమరంగు గీత ఒకటి కారినట్లు కనిపిస్తే అది తుప్పు కాదు, పగులు. లోపల పగిలిన లోహం తడిసి ఆ గీత గుండా కారుతుంది. బ్రాకెట్ల మూలల్లో, స్టీరింగ్ బాక్సు దగ్గర ఆ గీత కనబడితే బేరం అక్కడితో ఆపేయాలి.

ఆఫ్‌రోడ్ బండ్లకే ప్రత్యేకమైన లోపం ఒకటుంది. ఇనుప బంపర్లు, విన్చి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), పక్క గొట్టాలు బిగించడానికి ఛాసిస్‌కు కొత్తగా రంధ్రాలు చేస్తారు, కొన్నిచోట్ల నేరుగా వెల్డింగు పెడతారు. రంధ్రం అంచుకు రంగు వేయరు. వెల్డింగు వేడికి పెట్టె లోపలి రక్షణ పొర కాలిపోతుంది, బయట మాత్రమే నల్లరంగు పూస్తారు. మొదటి యజమాని ముచ్చటపడి పెట్టించిన ప్రతి అలంకారం వెనకా టార్చి వేసి చూడాలి.

చివరగా ఛాసిస్ నంబరు. తుప్పు గుంటల వల్ల ఒక్క అంకె చెరిగినా ఆర్టీఓ దగ్గర పెన్సిల్ అచ్చు తీసేటప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. తమిళనాడు బండిని ఆంధ్రకు మార్చుకోవాలంటే ఫారం 28 మీద అభ్యంతరం లేదన్న పత్రం తీసుకొని మళ్లీ రిజిస్టరు చేయించాలి. 15 ఏళ్లు నిండిన సొంత బండికి అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి ఆర్‌సీ పొడిగించుకోవాలి. అందువల్ల నంబరును ఆర్‌సీతో అంకె అంకె సరిచూసుకోవాలి, దానిమీది తుప్పును వైరు బ్రష్షుతో గాని గ్రైండరుతో గాని ముట్టుకోరాదు. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి చదవాలి.

కొత్త నల్లరంగు కనిపిస్తే

అడుగంతా నిగనిగలాడే తారు కోటింగ్ ఉంటే సంతోషించకండి. చాలాసార్లు అది మసిపూసి మారేడుకాయ చేయడమే. పెచ్చుల మీదే తారు పూస్తే తేమ లోపల బందీ అయి తుప్పు ఇంకా వేగంగా తింటుంది. నట్లు, పైపులు, రబ్బరు బుష్‌లు, వైర్లు అన్నిటి మీదా కోటింగ్ పడి ఉంటే అది తొందరలో కొట్టినది. పద్ధతిగా వేసినవారు పని మధ్యలో తీసిన ఫోటోలు చూపించగలరు. చూపించలేకపోతే నాలుగైదు చోట్ల నాణెమంత మేర గీకి చూడటానికి ఒప్పుకోమనండి. ఒప్పుకోకపోతే ఆ బండిని నేను కొనను.

బాడీ

ఇక్కడ త్వరగానే తేల్చవచ్చు. తలుపుల అడుగు అంచు, చక్రాల పైన మడత, డిక్కీ తలుపు కింది భాగం, ముందు అద్దం ఫ్రేము మూలలు, పైకప్పు వాననీటి గాడి, బ్యాటరీ కింది పళ్లెం, వైపరు అరుగు కింద ఆకులు పేరుకొనే చోటు. అద్దం ఫ్రేము తుప్పు తక్కువగా కనిపించినా ఖర్చు ఎక్కువ, ఎందుకంటే అద్దం ఊడదీయకుండా అక్కడ పని జరగదు. పెయింటు మీది బొబ్బలు లోపలి నుంచి వచ్చినవి. పైకి పప్పుగింజంత కనిపిస్తే కింద రూపాయి బిళ్లంత ఉంటుందని లెక్క వేసుకోండి.

అయస్కాంతం ఇనుప రేకుకు గట్టిగా అంటి, ఒక చోట జారిపోతే అక్కడ లప్పం నింపినట్లు. రంగు మందం కొలిచే మీటరు దొరికితే, కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. 300 దాటితే తిరిగి వేసిన రంగు, 1000 దాటితే లప్పం. చిన్న సొట్టకు లప్పం వేయడం నేరం కాదు. కాని చక్రాల మడతల్లో, తలుపుల అడుగున లప్పం ఉందంటే అక్కడ సొట్టకు బదులు చిల్లు ఉండేది.

లోపలి భాగం, వరద నీరు

ఈ నగరంలో ఇది తప్పనిసరి. 2015 డిసెంబరు మొదటి రెండు రోజుల్లో అడయారు పొంగినప్పుడు సైదాపేట, కోట్టూర్‌పురం, ముడిచ్చూరు ప్రాంతాల్లోనూ, 2023 డిసెంబరులో, తరవాత మన బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను వానలకు వేళచ్చేరి, పళ్లికరణై, పెరుంగుడిల్లోనూ బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. వాటిలో చాలావాటిని శుభ్రం చేసి మళ్లీ అమ్మారు.

ఆఫ్‌రోడ్ బండిలో చిక్కేమిటంటే, బురద కనిపించడం సహజమే కాబట్టి వరదలో మునిగినదాన్ని కూడా “వాగులు దాటించాం సార్” అని చెప్పవచ్చు. రెంటికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. వాగు దాటిన బండికి మట్టి ఫ్లోరు కింద, చక్రాల గూళ్లలో ముద్దలుగా ఉంటుంది. వరద నీరు నిదానంగా లోపలికి ఎక్కి నిదానంగా దిగుతుంది కాబట్టి మెత్తని ఒండ్రు ఒకే ఎత్తున గీత గీసినట్లు పేరుకుంటుంది. సీటుబెల్టును చివరిదాకా లాగి, చుట్టలోపల ఉండే భాగంలో మరక ఉందేమో చూడండి. సీటును పూర్తిగా వెనక్కి జరిపి పట్టాలను, బోల్టులను చూడండి. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, రంగు వేయని స్క్రూలు, బ్రాకెట్లు తుప్పు పట్టాయా, వైర్ల కనెక్టర్లలో పచ్చని చిలుము చేరిందా చూడండి. వాగులు దాటినంత మాత్రాన అంత ఎత్తుకు నీరు చేరదు. బీమా క్లెయిముల వివరాలు అడగండి.

మ్యాట్లు ఎత్తడం మరవద్దు. కార్పెట్ కింది స్పాంజి నీళ్లు పీల్చి నెలల తరబడి వదలదు. అరచేతితో నొక్కితే చల్లగా తగిలినా, వాసన వచ్చినా దాన్ని పైకెత్తించి ఫ్లోరును వేళ్లతో తడమాలి. 2020లో వచ్చిన కొత్త థార్‌లో ఫ్లోరు కడుక్కోవడానికి నీరు పోయే బిరడాలు ఉంటాయి. అవి తీసి వాటి అంచులు చూడండి.

బ్రేకు పైపులు; ఆపై భయపడనక్కరలేని తుప్పు

ఛాసిస్ వెంట వెళ్లే సన్నని ఇనుప బ్రేకు పైపులను క్లిప్పులు పట్టుకొన్న చోట తుడిచి చూడాలి, అక్కడే తుప్పు లోతుగా తింటుంది. ఇంజిన్ నడుస్తుండగా, బండి నిలిచి ఉండగా బ్రేకు పెడలును అర నిమిషం గట్టిగా తొక్కి పట్టండి. మెల్లగా కిందికి జారితే నడిపి చూడటం కూడా వద్దు. సైలెన్సరు గోధుమ రంగు, రాత్రి వానకు బ్రేకు డిస్కుల మీద వచ్చే నారింజ పొర, ఇరుసు గుండ్రాల మీది పైతుప్పు, కమాను పట్టీల మధ్య కనిపించే కొద్దిపాటి తుప్పు, వీటికి ధర తగ్గించమని అడగడం కూడా న్యాయం కాదు.

నిర్ణయం

హ్యాంగర్ బ్రాకెట్, స్టీరింగ్ బాక్సు చోటు, వెనక ఇరుసు వంపు, ఈ మూడింటిలో ఎక్కడ మొన దిగినా వెనుదిరగండి. ప్లేటు వేసి వెల్డింగు చేస్తామని టింకరింగ్ వాళ్లు చెబుతారు. బాగున్న ఇనుము నుంచి బాగున్న ఇనుముకు ప్లేటు పడితేనే అది మరమ్మతు, తుప్పు అంచు మీద పడితే కొన్నాళ్లకు పక్కనే మళ్లీ చిరుగుతుంది. ఫ్లోరు, తలుపులు, చివరి క్రాస్ మెంబరు వంటివి మాత్రమే పాడైతే, ఆ బండి మీకు నిజంగా నచ్చితే, మీరు నమ్మే వర్క్‌షాపులో కాగితం మీద అంచనా రాయించుకొని ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించండి. నోటిమాట లెక్క వద్దు, ఎందుకంటే తుప్పు పని విప్పినకొద్దీ పెరుగుతుంది. పైతుప్పు మాత్రమే అయితే నిశ్చింతగా కొనవచ్చు. మా బావ చివరికి ఆవడిలో అటువంటి బొలేరోనే కొన్నాడు, తలుపులు రెండు చిల్లులు పడినవే, ఛాసిస్ మాత్రం ఆసాంతం గంటలా మోగింది.

కొన్న వెంటనే

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి కాబట్టి ఈ పని సెప్టెంబరులోపు ముగించాలి. అడుగంతా మంచినీటితో కడిగి, లాంగ్ మెంబర్ల లోపలికి గొట్టం పెట్టి బురద బయటికి పోయేదాకా నీరు వదిలి, రెండు మూడు రోజులు ఎండలో ఆరనివ్వాలి. తరవాత పెచ్చులను వైరు బ్రష్షుతో రాల్చి, తుప్పును మార్చే ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణం పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, ఎపాక్సీ ప్రైమరు, దాని మీద ఛాసిస్ నల్లరంగు వేయించాలి. పెట్టె లోపలికి రంగు చేరదు; అక్కడ పొడవాటి గొట్టంతో మైనపు ద్రావణం కొట్టించాలి. అది రాత్రంతా అడుగు రంధ్రాల గుండా చుక్కలుగా కారుతుంది, కింద పాత పేపర్లు పరిచి ఉంచండి. తెల్లవారాక ఒక్కో రంధ్రంలోకి సన్నని తీగ దూర్చి, మైనం గడ్డకట్టి దారి మూసుకోలేదని చూసుకొన్న తరవాతే బండిని బయటికి తీయండి.